సుడిగాలుల లెక్క: ఒక ఏటికి మరొక ఏటికి పోలిక

మా కళాశాలలో చదివి, నేడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున డాలస్ నగర ప్రాంతములో ఉద్యోగము చేసికొనుచున్న పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చినపుడు మమ్ము చూడవచ్చి ఒక సందేహమును మా ముందుంచినాడు. 2019 అక్టోబరు 20వ తేదీ రాత్రి ఆ నగరపు ఉత్తర భాగము మీదుగా టోర్నడో యొకటి సాగిపోయినది. ఇండ్ల కప్పులు లేచిపోయినవి. దైవకృప వలన ఒక్క ప్రాణమైనను పోలేదు. అతని కాపురము ఆ దారికి ఎంతో దూరము కాదు. నాటి నుండి ప్రతి వసంతమునందును అతని ఇంట ఒకే చర్చ. "నిరుటికంటె ఈ ఏడు టోర్నడోలు హెచ్చినవట, ఊరు మారుదమా?" అని భార్య అడుగును. అతడు లెక్కలు తీసి చూచును. ఒకచోట ఒక సంఖ్య, మరొకచోట మరొక సంఖ్య. "సార్, ఒకే దేశము, ఒకే సంవత్సరము, లెక్కలు మాత్రము రెండు. ఏది నమ్మి ఇల్లు అమ్ముకొనమందురు?" అని అతడు అడిగినాడు.

మేము వాతావరణ శాస్త్రజ్ఞులము కాము. ఐనను ప్రశ్న లెక్కలను గూర్చినది కావున కొంత చదివి చూచితిమి. చదివిన కొలదిని మాకు తెలియవచ్చినదేమనగా, ఆ సంఖ్యలు గాలిని గూర్చి చెప్పునది కొంత. ఆ గాలిని చూచి వ్రాసినవారిని గూర్చి చెప్పునది చాల ఎక్కువ.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. గాలివాన అనగానే మనకు తుఫాను స్ఫురించును. అరబ్బీ, ఫారసీలలోని 'తూఫాన్' ఉర్దూ వారికిని, తెలుగువారికిని ఉమ్మడి సొత్తు. కాని బంగాళాఖాతమున పుట్టి వందల మైళ్ల మేర కమ్ముకొని దినముల తరబడి సాగు తుఫాను వేరు, టోర్నడో వేరు. ఉరుములు మెరుపులతో కూడిన పెద్ద మేఘము అడుగు నుండి నేల వరకు వ్రేలాడుచు గిరగిర తిరుగు గాలిస్తంభమే టోర్నడో. దాని వెడల్పు సాధారణముగా కొన్ని వందల గజములు; ఆయువు కొన్ని నిమిషములు. ఉర్దూలో 'బగోలా' అనియు, తెలుగులో 'సుడిగాలి' అనియు అనవచ్చును గాని, చైత్ర వైశాఖములలో మన ఆటస్థలమున ఎండుటాకులను లేపు సుడిగాలికి పైన మేఘముతో పనిలేదు. కావున ఈ వ్యాసమున టోర్నడో అనియే వ్రాయుచున్నాము. లెక్కకు వచ్చిన చిక్కంతయు ఈ కొద్దిపాటి పరిమాణముననే కలదు. తుఫాను ఎవరి కంటను పడక పోజాలదు. టోర్నడో మాత్రము ఎవరును లేని బీటి మీద ఐదు నిమిషములు తిరిగి మాయమైనచో, అది జరిగినట్లు సాక్ష్యము చెప్పువాడే యుండడు.

అమెరికా ప్రభుత్వపు అధికార లెక్క 1950తో మొదలగును. ఆ లెక్కను నేడు ఓక్లహోమా రాష్ట్రములోని నార్మన్ పట్టణమున గల స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ భద్రపరచుచున్నది. 1950లో నమోదైన టోర్నడోలు 201. వేయి దాటుట మొదటిసారిగా 1973లో. 2004లో 1,817, ఇంతవరకు అదియే పెద్ద సంఖ్య. 2024 దానికి కొంచెము తక్కువగా నిలిచినది. నేటి సగటు ఏటికి సుమారు 1,200. ఈ వరుసను ఎవరైనను నల్లబల్ల మీద గీతగా గీసినచో ఏమనుకొందురు? యాబది నాలుగేండ్లలో తొమ్మిదింతలు! ఆకాశమునకు మతి తప్పినదా అని అడుగవలసినదే.

కాని అదే పట్టిక నుండి మిక్కిలి బలహీనమైన తరగతిని తీసివేసి, చెట్లను పెరికి కప్పులను ఎత్తివేసిన వానిని మాత్రమే లెక్కించినచో ఆ ఎత్తైన మెట్లు కనబడవు. ఏటికేటికి హెచ్చుతగ్గులు కలవు గాని నిలకడగా పైకెక్కు గీత లేదు. అనగా పెరిగినది ముఖ్యముగా చిన్న టోర్నడోల సంఖ్య. అవి పూర్వమును పుట్టుచునే యుండినవి; పుట్టినట్లు ఎవరికిని తెలియలేదు. 1950లో పొలమున చిన్న గాలి లేచి కొట్టపు రేకును లేపుకొని పోయినచో రైతు రేకును వెదకి తెచ్చుకొని మేకులు కొట్టుకొనెడివాడు. నేడు అదే దృశ్యమును నలుగురు తమ ఫోనులలో చిత్రించి పది నిమిషములలో లోకమునకు చూపుదురు. టోర్నడోలను వెదకుచు మోటారు బండ్లలో తిరుగువారు సైతము ఆ దేశమున వందలకొలది కలరు. దీనికి తోడు 1990వ దశకమున దేశమంతట డాప్లర్ రాడార్లు, సుమారు 160, నెలకొల్పబడినవి. మేఘములో గాలి తిరుగుచున్న చోటు ఆ రాడారులో కనబడును, కనబడిన చోటికి మనుష్యులు పోయి చూతురు, చూచినచో దొరకును.

మరియొక కారణము మాకు చాల ఆసక్తి కలిగించినది. హెచ్చరిక చేసిన ప్రతి స్థానిక కార్యాలయమును తన హెచ్చరిక ఫలించినదా లేదా అని లెక్క చెప్పుకొనవలెను. కావున హెచ్చరిక ముగియగానే ఆ తాలూకా పోలీసులకు, అగ్నిమాపక దళమునకు, స్వచ్ఛంద పరిశీలకులకు ఫోనులు చేసి "ఏమైన పడినదా, ఎగిరినదా?" అని అడుగుట పరిపాటియైనది. అడిగినచో జవాబు వచ్చును. అడుగని కాలమున రాలేదు. మన కళాశాల సంఘమువారు వార్షిక నివేదికలో ఉత్తీర్ణుల సంఖ్య నిరుటికంటె హెచ్చినదని సంతోషించునపుడు, పరీక్షకు కూర్చున్నవారి సంఖ్య ఎంత హెచ్చినదో ప్రక్కనే చూచుట యెట్లవసరమో, ఇదియు నట్లే. ఈ మాట వారిని నొప్పించుటకు వ్రాయుటలేదు; లెక్కల స్వభావమే అట్టిది.

ఇక మా విద్యార్థి చూచిన రెండు లెక్కల సంగతి. గాలివాన సాగుచుండగానే వచ్చిన వార్తలను వచ్చినవి వచ్చినట్లు ఎక్కించునది మొదటి లెక్క. దీనికి తాత్కాలిక నివేదికలని పేరు. ఒకే టోర్నడోను తూర్పు ఊరివాడు, పడమటి ఊరివాడు, దారిన పోవు లారీవాడు వేరువేరుగా తెలిపినచో అవి మూడు నివేదికలు. తరువాత కార్యాలయపు ఉద్యోగులు ఆ చోటికి పోయి, కూలిన గోడలను, పడిన చెట్లను పరిశీలించి, మూడును ఒకటియే అని తేల్చుదురు. అది పుస్తకమునకెక్కుటకు నెలలు పట్టును. 2011లో తాత్కాలిక నివేదికలు సుమారు 1,900. సరిచూచిన పిదప మిగిలినవి సుమారు 1,700. అందుచే నిపుణులు తాత్కాలిక సంఖ్యను చివరి సంఖ్యలతో పోల్చవలసి వచ్చినపుడు దానిని 0.85 చేత గుణించు ఆచారమును ఏర్పరచుకొనిరి. అనగా నూటికి పదునైదు తీసివేయుట. ఇదియైనను ఉజ్జాయింపే. ఈ తీసివేత ఎరుగని పత్రికలు ఈ ఏటి తాత్కాలిక సంఖ్యను నిరుటి చివరి సంఖ్య ప్రక్కన నిలిపి "హెచ్చినవి" అని పెద్ద అక్షరములతో వేయును. అతని ఇంట చర్చకు మూలము అదియే.

పోలికకు మరియొక ఆటంకము కొలబద్దలు నడుమ నడుమ మారుట. వడగండ్లనే చూడుడు. ఆ దేశమున ముప్పాతిక అంగుళము వ్యాసము గల వడగండ్లు పడినచో తీవ్ర వాతావరణముగా పరిగణించెడివారు. 2010 జనవరి నుండి దేశమంతట ఆ హద్దును ఒక అంగుళమునకు పెంచిరి. మేఘములలో ఏ మార్పును లేకయే హద్దుకు లోపలి వడగండ్ల మీద శ్రద్ధ తగ్గినది. పైగా వడగండ్లను త్రాసు, కొలబద్ద పట్టుకొని కొలుచువారెందరు? మనము రేగుపండంత, నిమ్మకాయంత అన్నట్లు అచటివారు పావు డాలరు నాణెమంత, గోల్ఫు బంతియంత, బేస్‌బాల్ బంతియంత అందురు. ఆ మాటలనే అంగుళములలోనికి మార్చి వ్రాయుదురు. కావున వేలకొలది నివేదికలను పేర్చి చూచినచో ఒక అంగుళము, ఒకటి ముప్పాతిక, రెండు ముప్పాతిక అను కొలతల వద్ద గుట్టలు, నడుమ గుంటలు కనబడును. ఆకాశమునకు గోల్ఫు బంతుల మీద ప్రత్యేకాభిమానము లేదు గదా! గాలి వేగము సంగతియు ఇంతే. గంటకు 58 మైళ్లు దాటినచో తీవ్రమని నియమము. యంత్రముతో కొలిచినవి కొన్ని, కొమ్మ విరిగినదాని బట్టి ఊహించినవి అనేకము.

టోర్నడోల బలమును తరగతులుగా విభజించినవాడు జపానులోని క్యూషూ దీవిన 1920లో పుట్టిన ఫుజిటా. యుద్ధానంతరము అణుబాంబు పడిన చోట్ల చెట్లు ఏ దిక్కునకు ఒరిగినవో పరిశీలించిన యువకుడాతడు. పిమ్మట షికాగో విశ్వవిద్యాలయమున చేరి, 1971లో సున్న నుండి ఐదు వరకు గల కొలమానమును ప్రకటించెను. 1974 ఏప్రిల్ 3, 4 తేదీలలో ఒక్క దినపు వ్యవధిలో 148 టోర్నడోలు 13 రాష్ట్రములను చీల్చి మూడు వందలకు పైగా ప్రాణములను బలిగొన్నపుడు విమానమునుండి ఆ దారులను చిత్రించినవాడు నాతడే. మేఘమునుండి నేలకు కొట్టి నలుదిక్కులకు చిమ్ము గాలి వేరనియు, దానివలన పడిన చెట్లు చుక్క నుండి వెలువడు కిరణముల వలె నుండుననియు ఆతడు చూపిన పిదప, పూర్వము టోర్నడో అని వ్రాసికొన్న కొన్ని గాలులు టోర్నడోలు కావని తేలినది.

ఈ కొలమానమును గూర్చి సాధారణముగా ఎవరును గమనింపని విషయము రెండు. మొదటిది, 1971కి పూర్వపు టోర్నడోలకు తరగతులు ఎట్లు వచ్చినవి? 1970వ దశకమున అణు విద్యుత్ కేంద్రముల రక్షణకై ఈ వివరములు కావలసి రాగా, వేసవి సెలవులలో కళాశాల విద్యార్థులను నియమించి, పాత వార్తాపత్రికలలోని కథనములను, చిత్రములను చదివించి, తరగతులు వేయించిరి. ఇల్లు నేలమట్టమైన చిత్రమును చూచిన కుఱ్ఱవాడు ఆ ఇల్లు పునాదికి బిగింపబడి యుండెనో లేదో ఎరుగడు. అందువలన ఆ కాలపు తరగతులు ఒకింత హెచ్చుగా పడినవని తరువాతి పరిశోధకుల అభిప్రాయము. మన విద్యార్థుల వయసువారు వేసవిలో కూర్చుండి వేసిన అంకెలు నేటికిని విజ్ఞానపు పట్టికలలో నిలిచియున్నవన్న సంగతి ఈ సంచికను చదువువారు మరువకుందురు గాక!

రెండవది, ఆ తరగతి గాలిని కొలిచి ఇచ్చునది కాదు, గాలి చేసిన నష్టమును చూచి ఇచ్చునది. 2013 మే 31న ఓక్లహోమాలో ఎల్ రీనో వద్ద లేచిన టోర్నడో వెడల్పు 2.6 మైళ్లు. సంచార రాడారులు అందులో గంటకు మూడు వందల మైళ్లకు చేరువైన వేగమును కనుగొన్నవి. టోర్నడోలను పరిశోధించు మువ్వురు దానివాత పడిరి. ఐనను అది నడచినది ఎక్కువగా పొలముల మీద. కూలుటకు గట్టి కట్టడములు లేవు. కావున మొదట ఐదవ తరగతి యిచ్చి, చివరకు మూడవ తరగతికి దించిరి. ఏ సంవత్సరమున ఐదవ తరగతివి ఎన్ని అని లెక్కించుటలో ఊరు దారిలో ఉండెనా లేదా అన్నదియు కలిసియే యున్నది.

ఇంతకును ప్రజలకు కావలసినది గాలి సంఖ్య కాదు, ప్రాణముల సంఖ్య. ఈ రెండును ఒకే దారిన నడవవు. 1953లో నమోదైనవి 421. మృతులు 519 మంది. టెక్సాస్‌లో వేకో, మిషిగన్‌లో ఫ్లింట్, మసాచుసెట్స్‌లో వూస్టర్ పట్టణములు ఆ ఒక్క ఏడు దెబ్బ తినినవి. రికార్డు సంవత్సరమైన 2004లో 1,817 టోర్నడోలు రాగా మృతులు నలుబదిమందికి మించలేదు. 2011లో సంఖ్య అంతకంటె తక్కువ, మృతులు 553. అందు మిజోరీ రాష్ట్రపు జాప్లిన్ పట్టణముననే మే 22 సాయంకాలము 158 మంది. 2018లో వేయికి పైగా వచ్చినను పదిమంది మాత్రమే మరణించిరి. నాలుగు, ఐదు తరగతులది ఆ ఏడు ఒక్కటియు లేదు. ఒక బలమైన టోర్నడో ఒక పట్టణమును తాకుట, తాకకపోవుట అను ఒక్క సంగతి ఏడాది లెక్కనంతటిని తలక్రిందులు చేయును. ఇంకను వెనుకకు పోయినచో 1925 మార్చి 18న మూడు రాష్ట్రముల మీదుగా 219 మైళ్లు నడచిన టోర్నడో ఒక్కటే 695 మందిని చంపినది. ఆనాడు హెచ్చరిక లేదు. వాతావరణ సూచనలలో 'టోర్నడో' అన్న మాటనే వాడరాదను కట్టుబాటు 19వ శతాబ్ది చివరి నుండి 1938 వరకు ఉండినది. ప్రజలు భయభ్రాంతులగుదురని దానికి కారణము చెప్పిరి. తెలియక చచ్చుటకంటె తెలిసి భయపడుట మేలని వారికి తోచకపోవుట మాకు వింతగానున్నది.

ఆ కట్టుబాటుకు ముందే ఒకడు సాహసించెను. సైన్యపు సిగ్నల్ దళమునకు చెందిన ఫిన్లే, దేశమంతట స్వచ్ఛంద వార్తాహరులను కూర్చుకొని, ఆరువందల టోర్నడోల వివరములను పుస్తకముగా ప్రకటించెను. 1884లో ప్రయోగముగా సూచనలు చేసి, తన సూచనలు నూటికి 96.6 నిజమైనవని వ్రాసెను. మొత్తము సూచనలు 2,803. అందు 'వచ్చును' అన్నవి 100, వచ్చినవి 28. 'రాదు' అన్నవి 2,703. వాటిలో 23 సారులు వచ్చినది. ఆ ఏడాదిలోనే గిల్బర్ట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు దీనిలోని లోపమును చూపెను. ఏమియు ఆలోచింపక ప్రతిదినము 'రాదు' అనియే చెప్పినవాడు 2,752 సారులు, అనగా నూటికి 98.2 వంతున, నెగ్గియుండును! అరుదైన ఆపద విషయమున 'నూటికి ఇంత నిజము' అను మాట ఎంత బోలుదో తెలుపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు దొరకలేదు. సంఖ్యాశాస్త్ర విద్యార్థులు ఆ నాలుగు సంఖ్యలను కాగితము మీద వేసి చూచుకొందురు గాక. ఐనను ఫిన్లేను ఎగతాళి చేయుట తగదు. 'రాదు' అనువాడు ఆ 51లో ఒక్కదానినైనను ముందుగా చెప్పజాలడు. ఫిన్లే 28 చెప్పెను. నేటి హెచ్చరికలలోను నూటికి డెబ్బది వరకు వృథా పోవుచునే యున్నవి.

ఇన్ని లోపములున్నపుడు పోలిక నిష్ప్రయోజనమా అని అడుగవచ్చును. కాదు. లోపములను ఎరిగిన పరిశోధకులు ప్రశ్ననే మార్చి వేసికొనిరి. 2014లో బ్రూక్స్, కార్బిన్, మార్ష్ అనువారు ఏటికి ఎన్ని టోర్నడోలని అడుగక, కనీసము ఒకటవ తరగతి టోర్నడో వచ్చిన దినములు ఎన్ని అని అడిగిరి. 1970వ దశకపు మొదట అట్టి దినములు ఏటికి సుమారు 150. ఇటీవలి కాలమున సుమారు 100కి తగ్గినవి. కాని ఒకే దినమున 30కి మించి వచ్చిన సందర్భములు మాత్రము హెచ్చినవి. అనగా మొత్తము మారకపోయినను అవి గుంపులుగా వచ్చుచున్నవి. 2018లో జెన్సినీ, బ్రూక్స్ అనువారు నివేదికలనే గాక, టోర్నడోకు అనుకూలించు తేమ, ఉష్ణోగ్రత, ఎత్తుననుసరించి గాలి మారు తీరు అను వానిని 1979 నుండి పరిశీలించి, టెక్సాస్ ప్రాంతమున తరుగుదలను, తూర్పుననున్న మిసిసిపీ, అలబామా, టెన్నెసీల వైపు పెరుగుదలను చూపిరి. గాలి తేమలు యంత్రముల కొలతలు. చూచువారి సంఖ్యతో వాటికి పనిలేదు. అందుచే ఈ మాటను మేము ఎక్కువగా నమ్ముచున్నాము.

మా విద్యార్థికి ఇదియే చెప్పితిమి. దేశము మొత్తపు సంఖ్య హెచ్చినను తగ్గినను నీ ఇంటికి దానితో సంబంధము స్వల్పము. తూర్పునకు ఊరు మారినచో ఆపద తగ్గునన్న భరోసా లేదు. టెక్సాస్ ఇండ్లకు సాధారణముగా నేలమాళిగ ఉండదు గనుక, క్రింది అంతస్తున కిటికీ లేని చిన్న గది ఏదో నీ భార్యకు, పిల్లలకు తెలియునా? అతడు కొంతసేపు ఊరకుండి, "బట్టల గది ఉన్నది సార్, కాని దానినిండ పెట్టెలే" అన్నాడు. ముందు పెట్టెలు తీయుమని చెప్పితిమి.

మన ఉపఖండపు లెక్కల సంగతి చెప్పుటకు మనసొప్పకున్నను చెప్పక తప్పదు. ప్రపంచములో ఒక్క టోర్నడో వలన ఎక్కువమంది మరణించినది అమెరికాలో కాదు. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లో మాణిక్‌గంజ్ ప్రాంతమున. సుమారు 1,300 మంది. వడగండ్ల వలన ఎక్కువమంది మరణించినది మన దేశమున మొరాదాబాదు వద్ద, 1888 ఏప్రిల్ 30న, 246 మంది. ప్రపంచ వాతావరణ సంస్థ ఈ రెంటిని రికార్డులుగా అంగీకరించినది. 2010 జూలైలో దక్షిణ డకోటాలోని వివియన్ అను పల్లెలో ఎనిమిది అంగుళముల వడగల్లు ఒకటి పడగా, చూచినవాడు దానిని శీతల పేటికలో దాచెను. కరెంటు పోయి కొంత కరగినను తూచిరి, కొలిచిరి, పుస్తకమునకెక్కించిరి. అచట ఒక మంచుగడ్డకు చిరునామా దొరకినది. ఇచట వందలమంది చచ్చినగాని వడగండ్లకు తేదీ దొరకుట లేదు. మన పల్లెలలో మామిడితోట నేలరాలిన రాత్రిని ఏ పట్టికలో వెదకవలెను?

చివరి లెక్క అన్నదియు ఎంత ఆలస్యముగా వచ్చునో ఒక ఉదాహరణము. 2025 జూన్ 20న ఉత్తర డకోటాలోని ఎండర్లిన్ వద్ద వచ్చిన టోర్నడోకు మొదట ఇచ్చినది మూడవ తరగతి. ధాన్యముతో నిండిన రైలు పెట్టెలు ఒరిగిపోయిన తీరును, ఖాళీ ట్యాంకరు పెట్టె యొకటి వందల అడుగుల దూరమున పడిన తీరును ఇంజనీర్లు గణించి చూచిన పిదప, అక్టోబరులో దానిని ఐదవ తరగతికి పెంచిరి. 2013 మే 20 తరువాత ఆ తరగతికి అదియే మొదటిది. మూడు నెలలకు పైగా ఆ ఏటి పట్టికలో ఆ గడి సున్నగానే యుండినది. మొన్న మా విద్యార్థి ఫోనులో ఈ ఏటి సంఖ్యను చెప్పబోగా, "అది మొదటి లెక్కయా, చివరి లెక్కయా?" అని అడిగితిమి. నవ్వి, పెట్టెలు మాత్రము తీసివేసితిమని చెప్పినాడు.